బండికొక రాయి

మా ఊరి ముందర రోడ్డు మీద ఒక గుంత ఉండేది. మీ ఊళ్ళో ఉండే గుంతలాంటిది కాదది. దసరాకు ముందు కెంచప్ప ఎనుము ఒకటి అందులో దిగింది. దీపావళి దాటాక దూడతో సహా పైకి వచ్చింది. ఆ దూడ తండ్రి కూడా లోపలే ఉండివుంటాడని మేమంతా అనుకున్నాం గానీ, దిగి చూసే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

రూపనగుడి మీదుగా ఆంధ్రా సరిహద్దుకు పోయే పెద్ద రోడ్డది. డీజిలు మా బళ్ళారి వైపు చౌక అని అటునుంచి వచ్చే లారీలు, ఇటునుంచి మిరపకాయల మూటలతో పోయే ట్రాక్టర్లు, అన్నీ ఆ గుంత దగ్గరికి వచ్చి ఒక్క క్షణం నిలబడి, దేవుణ్ణి తలచుకొని, లోపలికి దిగి, మూలుగుతూ అవతలికి ఎక్కేవి.

నా పేరు గాదిలింగప్ప. ఊరి బడిలో దొరికినంత చదువు చదివాను. దాంతో పేపరు చదువుతాను. మిగతా బతుకంతా నోటితో నెట్టుకొచ్చాను. గాదిలింగప్ప చెప్పాడంటే సగం కోసేసి వినాలని మా ఊళ్ళో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. నేనూ ఆ సంగతి తెలిసినవాణ్ణే కాబట్టి ఎప్పుడూ రెండింతలు చెబుతాను.

ఆ గుంతతో నాకు పగ పుట్టింది నా కోడలు సౌభాగ్య వల్ల. నా కొడుకు హనుమేష్ లారీ మీద తిరుగుతూ ఎప్పుడో ఒకసారి ముఖం చూపించి పోతాడు. ఇల్లు నడిపేది ఆమే. పెళ్ళైన దగ్గర్నుంచి మిరప చేలల్లో కాయలు కోసి కోసి నడుం వంగిపోయి, లేచి నిలబడాలంటే గోడ పట్టుకోవాల్సిన స్థితికి వచ్చింది. అప్పుడు ధైర్యం చేసి కరెంటు ఆటో తెచ్చుకుంది. పొద్దున్నే కూలి ఆడవాళ్ళను చేలకు దింపుతుంది, సాయంత్రం తిరిగి తెస్తుంది. సీట్లో నిటారుగా కూర్చొని హారన్ కొడుతూ పోయే నా కోడల్ని చూస్తే, ఆమె నడుముతో పాటు నా నడుమూ సగం నిలబడినట్టు ఉండేది.

కానీ ఆ ఆటోకు ప్రాణం సీటు కింద ఉన్న బ్యాటరీ పెట్టెలో ఉంది. ఆ పెట్టె నేలకు దగ్గర. గుంతలో దిగినప్పుడల్లా దాని అడుగు రాళ్ళకు తగిలేది. బళ్ళారిలో మెకానిక్ దాన్ని విప్పి చూసి, "అక్కా, ఇంగొక్క దెబ్బ గట్టిగా తగిలిందంటే ఈ పెట్టె పనికిరాదు" అని చెప్పి పంపాడు. పెట్టె పోతే ఆటో పోయినట్టే. ఆటో పోతే సౌభాగ్య మళ్ళీ నడుం వంచి మిరప చేలో దిగాల్సిందే.

ఒకరోజు పొద్దున్నే ఆటో గుంతలో ఇరుక్కుంది. ఆడవాళ్ళంతా దిగి తోస్తున్నారు. నేను పక్కన నిలబడి, "తోయండి, తోయండి, అవతల ఇంకో ఎనుము ఉన్నట్టుండాది, చూసి తోయండి" అని ఉత్సాహపరుస్తున్నాను. వెనక కెంచప్ప ట్రాక్టరు ఆపుకొని దారి కోసం అరుస్తున్నాడు. అంతలో రోడ్ల ఇంజనీరు జ్ఞానశేఖర్ మోటారు సైకిలు మీద వచ్చాడు. బళ్ళారి పాత చర్చి వాళ్ళ పిల్లవాడు. మంచివాడే. మంచివాడు కావడం తప్ప అతని చేతిలో ఏమీ లేదు.

"ఏం సార్, మీ రోడ్డు ఆరోగ్యంగా ఉండాదా?" అన్నాను.

"తాతా, నీ నోటికో దండం. నన్నడిగితే ఏం లాభం? పూడ్చేకి దుడ్డు యాడుండాది?"

"ఏమైపోయె సార్ అంత దుడ్డు?"

అతను హెల్మెట్ తీసి ట్యాంకు మీద పెట్టి, పిల్లలకు చెప్పినట్టు చెప్పాడు. "పెట్రోలు, డీజిలు పోయించుకునేటప్పుడు మీరు కట్టే పన్నుండాది చూడు, దాంట్లోనే రోడ్డు వాటా ఉంటాది. ఇప్పుడు కరెంటు బండ్లు ఎక్కువైనాయి. పెట్రోలు పోయించేవాళ్ళు తగ్గితే వాటా తగ్గె. వాటా తగ్గితే తారు తగ్గె."

కెంచప్పకు అంతకంటే ఏం కావాలి? ట్రాక్టరు మీదే లేచి నిలబడ్డాడు.

"వింటివా సౌభాగ్యమ్మా! నీ ఆటోదే తప్పంట. మేము డీజిలు పోసి రోడ్డు వేయిస్తాండాం, నువ్వేమో సుమ్నె, ఊరికే వచ్చి దాని మీద తిరుగుతాండావు."

సౌభాగ్య చీర కుచ్చెళ్ళు దోపుకొని గుంతలోంచి తల ఎత్తింది. "నువ్వు వేయించిన రోడ్డు ఇదేనా కెంచప్పన్నా? అట్లయితే చాపలాగ చుట్టి నీ ఇంటికి ఎత్తుకొని పో. మేము చేను గట్టు మీద పోతాం."

ఆడవాళ్ళు నవ్వారు. కెంచప్ప కూర్చున్నాడు.

"ఆమెదేం తప్పప్పా?" అన్నాడు జ్ఞానశేఖర్ విసుగ్గా. "కరెంటు బండ్లు కొనమని చెప్పేదీ సర్కారే. పెట్రోలు తాగకుంటే రోడ్డుకు దుడ్డు లేదనేదీ సర్కారే. నడుమ నేను. ఇంగ టోలు పెట్టాలనో, తిరిగిన దూరానికి ఇంతని వసూలు చేయాలనో పైన మాట్లాడుకుంటాండారు."

"అంతదాకా?" అంది సౌభాగ్య.

"అంతదాకా స్వల్ప నిదానంగా నడపమ్మా" అని సౌభాగ్యకు చెప్పి, గుంతను ఫోటో తీసుకొని వెళ్ళిపోయాడు. మా గుంత ఫోటోలు వాళ్ళ ఆఫీసులో ఎన్ని ఉన్నాయంటే, వాటినే తెచ్చి గుమ్మరించినా ఈపాటికి పూడిపోయి ఉండేది.

"మనమే మన్ను పోసుకుందాం రాండప్పా" అంది కరియమ్మ. రోజూ సౌభాగ్య ఆటోలోనే పోయే ముసలి కూలి మనిషి. నాకు వరసకు అక్క.

"డీజిలు పన్నూ మేమే కట్టి, మన్నూ మేమే పొయ్యాల్నా?" అన్నాడు కెంచప్ప. వెనకున్న మోటారు సైకిళ్ళవాళ్ళు, "గుంత చేసింది లారీలు, లారీవాళ్ళే పూడ్చనీ" అన్నారు. వాళ్ళ వెనక ఆగిన లారీ డ్రైవరు, "నాది ఈ ఊరు కాదప్పా" అన్నాడు. ఒక్కరూ కదల్లేదు. సౌభాగ్య మాత్రం వంగి, బ్యాటరీ పెట్టె అడుగున చెయ్యి పెట్టి తడుముతోంది. పగులు ఉందేమోనని.

కోపం వస్తే కొందరు తిడతారు, కొందరు కొడతారు. నాకు కోపం వస్తే కథ వస్తుంది.

"అది గుంత అనుకుంటాండారా?" అన్నాను గట్టిగా. "అది నోరు."

"మొదలుపెట్టినాడప్పా" అన్నాడు కెంచప్ప.

"సంగనకల్లు దిక్కు బూడిద దిబ్బలుండాయి గదా. ఎవరి బూడిద అది?"

"రాక్షసునిది" అంది కరియమ్మ. ఆ మాత్రం మా వైపు అందరికీ తెలుసు.

"ఒళ్ళంతా కాలిపోయింది. నోరు మాత్రం కాలలే. రాక్షసునికి నోరు కాలుతుందా? నాకే కాలదు, వానికెట్ల కాలుతాది? ఆ నోరు భూమిలోపల పాక్కుంటా పాక్కుంటా మన ఊరి ముందరికొచ్చి పడుకున్నాది. ఇన్నాళ్ళూ పెట్రోలు బండ్లు కారుస్తా పోతాంటే ఆ చుక్కలు నాక్కుంటా గమ్మునుండె. ఇప్పుడు చుక్క తగ్గె. ఆకలయ్యె. నోరు తెరిచె. ఇంజనీరు సార్ చెప్పిందీ అదే గదా, ఆయన చదువుకున్నాడు కాబట్టి వాటా అన్నాడు."

లారీ డ్రైవరు ఇంజన్ ఆపేశాడు. అదే నాకు పెద్ద బహుమానం.

"మరి ఏం చేయాలంటావు?" అన్నాడు.

"మా తాత చెప్పేవాడు. దారిన పోయే ప్రతి బండీ ఆ నోట్లో ఒక రాయి వేసి పోవాల. పెట్రోలు బండైనా సరే, కరెంటు బండైనా సరే, ఎద్దుల బండైనా సరే. రెండు చేతుల్తో ఎత్తేటంత రాయి. అది నములుకుంటా ఉంటే మనిషి జోలికి రాదు."

అక్కడ ఆపి ఉంటే బాగుండేది. కానీ కూరలో ఉప్పు సరిపోయిందని తెలిసినా ఇంకో చిటికెడు వేసే చెయ్యి నాది. "ఒగసారి వేసిన రాయి మల్ల తీయకూడదు. తీస్తే, తీసినోని ఇంటి ముందర తెరుస్తాది నోరు" అని చేర్చాను.

సౌభాగ్య నా వైపు ఒక చూపు చూసింది. తర్వాత గట్టు మీదికి పోయి, ఒక రాయి ఎత్తుకొచ్చి గుంతలో వేసింది. కరియమ్మ ఒకటి వేసింది. లారీ డ్రైవరు దిగి ఒకటి వేశాడు. చివరికి కెంచప్ప, "నా ట్రాక్టరుకు ట్రాలీ కూడా ఉండాది, రెండు వేస్తా" అని అందరికంటే పెద్దవి రెండు దొర్లించాడు.

సర్కారు అడిగితే కట్టని జనం, రాక్షసుడు అడిగితే ఎలా కట్టారనుకున్నారు! వారం తిరిగేసరికి ఆంధ్రా లారీలు కూడా ఆగి వేసి పోతున్నాయి. రాళ్ళ సందుల్లో ఎవరో గరుసు పోశారు. ఎవరో సంగనకల్లు గుట్ట దగ్గర్నుంచి గంటలాగ మోగే రాయి తెచ్చి వేశారని పుకారు పుట్టింది. నేను ఒంటరిగా పోయి అన్నిటినీ కొట్టి చూశాను. ఏదీ మోగలేదు. అయినా విన్నామని చెప్పినవాళ్ళు చాలామంది ఉన్నారు. నా కథ నన్ను దాటి ముందుకు పోయిందని అప్పుడే గ్రహించాల్సింది. గ్రహించకపోగా మురిసిపోయాను.

గుంత పూడింది. చక్కగా, రోడ్డుకు సమంగా. సౌభాగ్య ఆటో దాని మీద నీళ్ళ మీద పడవలాగ పోయింది. దాటాక హారన్ కొట్టింది, నా కోసమే. ఆ రోజు నేను రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

గుంత పూడింది గానీ జనం ఆగలేదు. బండికొక రాయి అని నేనే చెప్పాను. చాలు అని ఎప్పుడు చెప్పాలో కథలో లేదు. సమంగా ఉన్నది కాస్త ఉబ్బింది. ఉబ్బినది దిబ్బ అయింది. దిబ్బ రోడ్డుకు అడ్డంగా పడుకున్న దున్నపోతంత అయింది. లారీలు ఎక్కి దిగుతున్నాయి. ట్రాక్టర్లూ ఎక్కి దిగుతున్నాయి. నేలకు దగ్గరగా పెట్టె ఉన్న ఆటో మాత్రం ఎక్కలేదు. సౌభాగ్య పక్కనున్న నల్లరేగడిలో దిగి పోవడం మొదలుపెట్టింది. ఒక వాన పడగానే ఆ రేగడి ఆటో చక్రాలను పట్టుకొని వదలలేదు. ఆడవాళ్ళు మోకాలి లోతు బురదలో దిగి తోశారు. ఆమె ఇంటికి వచ్చి, కాళ్ళు కడుక్కోకుండానే నా ముందు నిలబడింది.

"మామా, గుంతే నయం. గుంతకు అడుగుండె. నీ కతకు అడుగే లేదు."

నోరున్న రాక్షసుణ్ణి పుట్టించిన నేను, చెంబుతో నీళ్ళు తెచ్చి ఆమె కాళ్ళ దగ్గర పెట్టాను.

ఆ మరుసటి రోజే జ్ఞానశేఖర్ వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. "తాతా, ఎట్లో పైవాళ్ళ కాళ్ళు పట్టుకొని మీ ఊరి ముందర ముక్కకు తారు పుట్టించినా. రేపు పొద్దున లారీ వస్తాది. ఈ రాళ్ళు తీసి పెట్టుకోండి. వేడి మాలు, అది కాచుకొని ఉండదు. ఈడ కాకుంటే ముందరికి పోతాది."

తెల్లవారి తారు లారీ పొగలు కక్కుతూ వచ్చి నిలబడింది. దిబ్బ ముందర ఊరంతా నిలబడింది. పార ఎత్తడానికి ఒక్కడూ సిద్ధంగా లేడు. లారీతో వచ్చిన కూలీలు కూడా నోరు సంగతి దారిలోనే విన్నారట, చేతులు కట్టుకొని నిలబడ్డారు.

"తీయండప్పా" అన్నాను.

"తీస్తే మా ఇంటి ముందర తెరవాల్నా?" అన్నాడు కెంచప్ప. "నువ్వే చెప్పినావు గదా."

నా వయసులో, అందరి ముందర, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నిజం చెప్పాలనిపించింది. అదే నా పొరపాటు.

"అబద్ధమప్పా అది! నోరు లేదు, రాక్షసుడు లేడు. మా తాత ఏమీ చెప్పలే. ఆయనకు మాటలే సరిగా వచ్చేవి కావు. గుంత పూడాలని నేనే అల్లి చెప్పినా. తీయండి!"

జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కెంచప్ప నా భుజం మీద చెయ్యి వేసి, జబ్బు మనిషిని పలకరించినట్టు, "భయపడినావా గాదిలింగప్పా? రాత్రి ఏమన్నా కనపడిందా?" అన్నాడు.

"ఏమీ కనపడలేదు!"

"కనపడినోళ్ళు ఇట్లే అంటారు" అన్నాడు వెనక ఎవరో.

నేను కరియమ్మ వైపు తిరిగాను. "అక్కా, నువ్వన్నా చెప్పు."

ఆమె కొంగు తల మీదికి లాక్కుంది. "తారు ఒగ వానకు పోతాది. రాళ్ళు పోవు. ఎత్తేసినాక తారు పోతే మల్ల యాడ తెచ్చేది?"

నేనే ముందుకు పోయి రాయి ఎత్తబోయాను. రెండు చేతుల్తో ఎత్తేటంత రాయి అని చెప్పింది నేనే. నా చేతులకు అది కదల్లేదు. సౌభాగ్య వచ్చి నా పక్కన వంగింది. ఆమె నడుం పట్టేసింది. ఇద్దరం కలిసి ఒక్క రాయి పక్కకు దొర్లించేసరికి, తారు లారీ డ్రైవరు గడియారం చూసుకొని, మాలు చల్లారుతోందని బండిని దిబ్బ మీదికి ఎక్కించి, అవతలికి దింపి, ముందరున్న ఊరికి వెళ్ళిపోయాడు. జ్ఞానశేఖర్ దిబ్బను ఫోటో తీసుకున్నాడు. హెల్మెట్ పెట్టుకొని బండి తిప్పుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

నాకు నిజం కలిసిరాలేదు. అందుకని ఆ సాయంత్రమే, జనం చేలనుంచి తిరిగి వచ్చే వేళకు, దిబ్బ పక్కన బోర్లా పడుకొని నేలకు చెవి ఆనించాను. ఆటో ఆగింది, ట్రాక్టరు ఆగింది.

"ఏంటికప్పా పడుకున్నావు?" అన్నాడు కెంచప్ప.

"గమ్మునుండు. చప్పుడు లేదు."

"ఏం చప్పుడు?"

"నమిలే చప్పుడు. నోరు ఈడ లేదప్పా. ఈ రాళ్ళ బరువుకు తట్టుకోలేక కిందనే పాక్కుంటా పోయింది." లేచి, మట్టి దులుపుకొని, దూరంగా రోడ్డు మీద కనబడుతున్న రెండో గుంతను చూపించాను. "అదో, ఆడ తెరిచింది. ఇవి ఇప్పుడు వట్టి రాళ్ళు. వీటిని తీస్తే ఏం కాదు. ఆడ వేయకుంటేనే మోసం."

కెంచప్ప దిబ్బను, ఆ రెండో గుంతను చూశాడు. తర్వాత ట్రాలీ తలుపు దించాడు. పొద్దు గుంకేలోపు దిబ్బంతా ఖాళీ. రోడ్డుకు సమంగా ఉన్నదాన్ని మాత్రం కదిలించవద్దని, అది పాత నోటికి వేసిన తాళమని చెప్పాను. పైనున్న రాళ్ళన్నీ రెండో గుంతలో పడ్డాయి. ఈసారి మాత్రం, నోరు మూతబడగానే రాళ్ళు వేయడం ఆపాలని కథలోనే కట్టుదిట్టం చేశాను.

పొద్దున సౌభాగ్య ఆటోలో నన్నూ ఎక్కించుకుంది. మొదటి గుంత దాటాం, కుదుపు లేదు. రెండో గుంత దాటాం, పెట్టె తగల్లేదు. నేను మీసం మీద చెయ్యి వేసుకున్నాను. అంతలో ఆటో ఆగింది. ముందర మూడో గుంత. దాని వెనక నాలుగోది. ఆ వెనక, రూపనగుడి దాకా, మొన్నటి వానకు రోడ్డంతా మశూచి వచ్చిన ముఖంలాగ ఉంది.

"మామా, దీనికేం చెప్తావు?" అంది సౌభాగ్య, వెనక్కి తిరగకుండానే.

"చెవి ఆనించి చూస్తాలే."

"అది అయిపోయింది గదప్పా" అంది వెనక సీట్లోంచి కరియమ్మ. "ఈసారి వేరేది చెప్పు. పోయినసారిది స్వల్ప సప్పగుండె."

నేను మెల్లగా తిరిగి ఆమె ముఖం చూశాను. "అంటే నీకు ముందే తెలుసా అక్కా, అది అబద్ధమని?"

"చెప్పింది నువ్వైనాక అబద్ధం గాక ఇంగేముంటాది?"

"మరి నిన్న పొద్దున తారు లారీ నిలబడుకున్నప్పుడు నోరు తెరిచి చెప్పొచ్చు గదే! తారు పోయె గదే!"

"నిన్న నువ్వు అబద్ధమని చెప్పినావు. నీ మాట ఎప్పుడన్నా నమ్మినామా?"

ఆడవాళ్ళంతా కిసుక్కుమన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. "అట్లయితే కత ఏంటికి మీకు? దిగి తలా ఒక రాయి వేయండి, పోదాం!"

"సుమ్నె వేయమంటే ఎవరేస్తారప్పా?" అంది కరియమ్మ, నేనేదో అన్యాయం మాట్లాడినట్టు. "మేమే ఏల వేయాల, కెంచప్ప ఏల వేయడు, లారీలోళ్ళు ఏల వేయరు అని మల్ల మొదటికి వస్తాది. కత ఉండాల."

అప్పుడు చూశాను. ఎక్కేటప్పుడే ఏరుకున్నట్టున్నారు. ప్రతి ఒక్కరి ఒళ్ళోనూ, కొడవలి పక్కన, సద్దిమూట పక్కన, ఒక రాయి ఉంది. దాని మీద చేతులు పెట్టుకొని, సినిమా మొదలుకావడానికి కాచుకున్నట్టు నా నోటి వైపు చూస్తున్నారు.

"చెప్పు మామా, పొద్దెక్కుతాండాది" అంది సౌభాగ్య. అద్దంలో ఆమె కళ్ళు నన్నే చూస్తున్నాయి. "పెట్టె ఇంగొక్క దెబ్బకు ఓర్వదు."

నోరు తెరిచాను. డెబ్బై ఏళ్ళు అడగకుండానే ఊరిన నోరు. రాక్షసుడు రాలేదు. పాము రాలేదు. తాత కూడా రాలేదు. వెనక కెంచప్ప ట్రాక్టరు వచ్చి నిలబడి హారన్ కొట్టడం మొదలుపెట్టింది.

"ఒక్క నిమిషం ఉండండే!" అని అరిచాను, ఆటో దిగి, గుంత అంచున గొంతుక్కూర్చొని, లోపలికి తొంగి చూస్తూ.